మెడను బట్టి పేట

హైదరాబాదు పత్తర్‌గట్టిలో ముత్యాల దండ కొనడానికి రెండు దారులున్నాయి. తయారుగా వేలాడదీసిన దండల్లో నచ్చింది తీసుకోవచ్చు. లేదా విడి ముత్యాలు ఏరుకుని, మనకు కావలసినట్టు గుచ్చివ్వమనొచ్చు. రెండో దారి పట్టినవాళ్ళు ధర అడిగేలోపే పనితెలిసిన మనిషి ఎదురు ప్రశ్న వేస్తాడు: "ఏ జాకెట్టు మీదకమ్మా?"

సగం డిజైను ఆ ప్రశ్నలోనే ఉంది. మెడను అంటిపెట్టుకునే దండకు 14 నుంచి 16 అంగుళాలు చాలు. కాస్త కిందికి దిగాలంటే 18, గుండెల మీదికి జారాలంటే 24 దాటాలి. ఇవి సగటు లెక్కలు. మెడ కొంచెం లావైతే ఆ 16 అంగుళాలే గొంతు పట్టేస్తాయి. అందుకే టేపు కొలతతో సరిపెట్టుకోకుండా దారాన్నే మెడలో వేసి చూడడం మేలు. అయిదు పేటల హారమైతే పై పేటకన్నా కింది పేట కాస్త పొడవుండాలి. ఆ తేడా తగ్గితే పేటలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, పెరిగితే సందులు పడి హారం చిక్కిపోయినట్టుంటుంది.

ఇలాంటి పేటల హారాలకు ఈ ఊళ్ళో పెద్ద గుర్తు నిజాముల సత్లడా. బస్రా ముత్యాలతో గుచ్చిన ఏడు పేటల హారం అది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలిచ్చి కొన్న నిజాం నగల్లో అదీ ఉంది. ఇప్పుడు అంగట్లో ఎక్కువగా దొరికేవి చైనాలో మంచినీటిలో పెంచిన ముత్యాలు. పుట్టిల్లు మారినా ఏరడం, గుచ్చడం ఇక్కడి పనే.

ఏరడం కంటికి పరీక్ష. ఒక ముత్యంలో గులాబి ఛాయ ఉంటే పక్కదానిలో మీగడ రంగు ఉంటుంది. ట్యూబులైటు కింద ఒక్కటిగా కనబడ్డవి పగటి వెలుతురులో విడిపోతాయి. తెల్లగుడ్డ మీద దొర్లిస్తే వంకర ముత్యం తిన్నగా పోక తనే బయటపడుతుంది.

పక్కన ఏ పూస వస్తుందన్నదీ ముఖ్యమే. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద కెంపు 9 అయితే ముత్యం 2.5 దగ్గరే ఆగుతుంది. రెంటినీ ఆనించి గుచ్చితే కెంపు ముత్యాన్ని గీరి మెరుపు తీసేస్తుంది. మధ్యలో చిన్న బంగారు గుండు వేసేది అందానికే అనుకుంటాం గానీ, ముత్యానికి అది కాపలా కూడా.

అసలు పనితనం ముడిలో తెలుస్తుంది. ముత్యం ఎక్కించాక పట్టుదారాన్ని వదులుగా ముడి చుట్టి, అందులోకి సూది మొన దూరుస్తారు. ఆ మొనతోనే ముడిని ముత్యానికి ఆనేదాకా నెట్టుకొచ్చి, సూది లాగేసి బిగిస్తారు. ముడి రంధ్రం కన్నా లావుగా ఉండాలి, లేకపోతే లోపలికి జారిపోతుంది. వదులైతే దారం బయటికి కనబడుతుంది. మరీ బిగిస్తే దండ బిర్రుగా నిలబడి మెడ వంపు తిరగదు. 7 మిల్లీమీటర్ల ముత్యాలైతే 18 అంగుళాల పేటలో దాదాపు 60 పడతాయి, ముడులూ దాదాపు అన్నే. ఎప్పుడైనా దారం తెగితే పెళ్ళిపందిట్లో ముత్యాలేరుకునే గొడవ తప్పించేవి అవే.

ముత్యానికి ఆమ్లం పడదు. సెంటు, మేకప్పు అన్నీ అయ్యాక హారం వేసుకుని, ఇంటికి రాగానే ముందు దాన్నే తీసి మెత్తని గుడ్డతో తుడవాలి. పట్టుదారం తడిస్తే సాగుతుంది. తరచుగా వేసుకునేదైతే ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ గుచ్చించాలి.

అలా విప్పి గుచ్చగలగడమే ఈ నగకున్న గొప్ప వెసులుబాటు. బంగారం చెరిపి చేయిస్తే తరుగు పోతుంది. పూసలకు తరుగు లేదు. అమ్మమ్మ అయిదు పేటల హారం విప్పితే ఇద్దరు మనవరాళ్ళకు చెరి రెండు పేటలు వస్తాయి, మిగిలినవి బుట్టకమ్మల అంచుకు పనికొస్తాయి. కొత్తగా అయ్యే ఖర్చు దారం, కొలికి, గుచ్చుకూలి. ముత్యం ధర దగ్గర ఎంతైనా బేరమాడండి, కూలి దగ్గర మాత్రం ఆడకండి. అంగట్లో అందరికీ దొరికే ముత్యాలు మీ మెడకే నప్పే హారమయ్యేది ఆ పనివల్లే.