గడియారం పక్కన మనిషి

సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు కొట్టబోతోందంటే జనమంతా సంగీత గడియారం ముందుకు చేరిపోతారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి గడియారం అది. లోపల్నుంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. అందరి చూపూ ఆ బొమ్మ మీదే. నాకు మాత్రం పక్కన నిలబడ్డ అటెండరును చూడటమే ఇష్టం.

"అమ్మా, బాబును ముందుకు పంపండి, వాడికి కనబడదు" అంటాడు. వెనక్కి తిరిగి "జర బైఠో భాయ్" అంటాడు. రెండు భాషల్లోనూ గొంతు పెరగదు.

1876లో శిల్పి బెంజోని చలువరాతిలో చెక్కిన ముసుగు రెబెకా దగ్గర అటెండరు పని ఇంకా కష్టం. ఆ పల్చటి ముసుగు రాయంటే ఎవరి వేళ్లూ నమ్మవు. చేతి జిడ్డు అంటుకుంటే రాతికి మచ్చ. అందుకే చెయ్యి లేచేలోపే ఓ చిన్న దగ్గు వినిపిస్తుంది. తిట్టు కంటే బాగా పనిచేసే దగ్గు!

ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న కొయ్యబొమ్మనైతే సగం మంది మగబొమ్మేననుకుని కదిలిపోతారు. "అద్దంలో చూడండి సార్" అన్న మాటతోనే వాళ్లకు రెండో బొమ్మ దక్కుతుంది. పక్కనున్న పలకమీద అంతా రాసే ఉంటుంది, చదివేదెవరు?

పన్నెండో దెబ్బ అయింది. జనం చెదిరారు. గడియారం పక్కనున్న అటెండరు నేలమీది టికెట్టు ముక్క తీసి జేబులో వేసుకుని గోడకు ఆనుకున్నాడు, ఒంటిగంట గుంపు వచ్చేదాకా.