చొక్కా మీది నవ్వు

ప్రచారం కోసం ఉచితంగా పంచిన వస్తువు కాలక్రమంలో అపురూప సంపదగా మన్నన పొందడం ఆధునిక ప్రజాసంస్కృతిలోని ఒక విచిత్ర పరిణామం. హాస్య చిత్రకథల పాత్రలతో అమెరికాలో వెలువడిన పిన్ను బ్యాడ్జీలు ఇందుకు చక్కని నిదర్శనం. ముద్రిత చిత్రంపై పలుచని సెల్యులాయిడ్ పొర కప్పి లోహపు బిళ్ళకు బిగించే విధానానికి న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ సంస్థ 1896లో పేటెంటు పొందింది. రిచర్డ్ ఔట్‌కాల్ట్ సృష్టించిన ‘ఎల్లో కిడ్’ ఆ రోజులలోనే సిగరెట్ల ప్రచార బ్యాడ్జీలకెక్కాడు. న్యూయార్క్ పేదవాడల జీవితాన్ని నవ్వుతూ చూపిన ఆ బోడిగుండు బాలుడు పొగాకు వ్యాపారానికి ప్రతినిధి కావడంలోని వైరుధ్యం విస్మరించరానిది. 1945 నుంచి కెలాగ్స్ ‘పెప్’ గోధుమ అటుకుల డబ్బాలలో లభించిన 86 రకాల బిళ్ళలు పిల్లల చొక్కాలను అలంకరించాయి.

సేకరణకర్తలు తుప్పు, గీతలు లేని బిళ్ళకే అధిక మూల్యం కడతారు. అంటే ఎవరూ ధరించనిదే శ్రేష్ఠమన్నమాట! అరుదైన వస్తువును పదిలపరచడం అభినందనీయమే. కాని ఒక పాఠకుడు తన అభిమాన పాత్రను గుండెలపై మోసిన చరిత్రకు సాక్ష్యం సూది వంగిన బిళ్ళలోనే ఉంది. సేకరణలో దానికీ సముచిత స్థానం దక్కాలి.