విశ్వారంభమునకు ముందటి గులకరాయి

“విశ్వము ఒక బిందువునుండి పుట్టెను” అని తరగతిలో చెప్పుట మనకు అలవాటైనది. చెప్పుటకు సుళువు, పిల్లలకు గుర్తుండును. కాని యిందు పరిశీలనచే తేలినదెంత, లెక్కలో వెనుకకు లాగినదెంత? విశ్వము వ్యాకోచించుచున్నది, ఒకప్పుడు మిక్కిలి వేడిగాను సాంద్రముగాను ఉండెను: ఇంతవరకు రుజువైన సంగతి. 1965లో పెంజియాస్, విల్సన్‌లు ప్రకటించిన సూక్ష్మతరంగ వికిరణమే సాక్షి. బిందువు సంగతి వేరు.

1955లో మన రాయ్‌చౌధురిగారు ప్రకటించిన సమీకరణము ఆధారముగా పెన్‌రోజ్, హాకింగ్‌లు 1970లో ఒక సిద్ధాంతమును నిరూపించిరి. గురుత్వము ఎల్లపుడు ఆకర్షించునదే యైనచో, గతములోనికి పోగాపోగా ఐన్‌స్టైన్ గణితము ఒకచోట తెగిపోవును. ఆ తెగినచోటే సింగ్యులారిటీ. అది కన్నులారా చూచిన సంఘటన కాదు. హాకింగే 1988 నాటి “ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్”లో, క్వాంటం ప్రభావములను చేర్చినచో సింగ్యులారిటీ ఉండనక్కరలేదనెను. పాఠకులు పెక్కురు మొదటి మాట పట్టుకొని రెండవదానిని వదలిరి! వైన్‌బర్గ్ 1977లో వ్రాసిన “ది ఫస్ట్ త్రీ మినిట్స్” నయము. కథను సెకనులో నూరవవంతు గడచిన పిమ్మటనే మొదలుపెట్టినది.

జమ్మలమడుగు ఉపాధ్యాయునకు ఇది బోధించుట కష్టము గాదు. 1872లో విలియం కింగ్ కర్నూలు శిలాశ్రేణిలో ఒక భాగమునకు ఈ ఊరి పేరే పెట్టెను. ఆ శ్రేణికిని క్రింది కడప శిలలకును నడుమ చాలకాలపు పొరలు లేవు. పొర లేనంతమాత్రమున కాలమచ్చట మొదలైనదనరాదు గదా! పైగా కర్నూలు శ్రేణి అడుగున, బనగానపల్లె రాతిలో, పాతరాళ్ల గులకలున్నవి, వజ్రములు సైతము. గతము గులకరాయిగా గండి దాటి వచ్చినది.

కుంచించుకొనివచ్చిన పూర్వవిశ్వము బంతివలె తిరిగి లేచినదనువారు వెదకునది అట్టి గులకరాయినే. 2006లో అష్టేకర్, పావ్లోవ్‌స్కీ, పరంప్రీత్ సింగ్‌లు సాంద్రత ఒక హద్దు చేరగానే గురుత్వము వికర్షణగా మారునని లెక్కలలో చూపిరి. ఎక్‌పైరోటిక్ అను మరొక బౌన్స్ వాదము ప్రకారము ఆదిమ గురుత్వ తరంగములు కానరానంత బలహీనములు. 2014లో బైసెప్-2 బృందము అట్టి తరంగముల జాడ దొరికినదనెను. 2015లో ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూడగా అది చాలవరకు పాలపుంత ధూళి యని తేలినది. 2021 నాటికి ఆ తరంగముల బలము, సాంద్రతా తరంగములతో పోల్చగా, 0.036 కంటె తక్కువయని హద్దు గీచిరి.

దీనిని బౌన్స్ పక్షపు గెలుపుగా చెప్పుట సరికాదు. ఆరంభమున విశ్వము క్షణములో అతివ్యాకోచము చెందినదను వాదములోను తరంగములు బలహీనములైన నమూనాలున్నవి. రేపు తరంగములు దొరికినచో ఎక్‌పైరోటిక్‌కు దెబ్బయే. కాని బౌన్స్ తరువాత అతివ్యాకోచము జరిగియుండవచ్చును. అనగా ఈ పరీక్ష సింగ్యులారిటీని తాకనే లేదు! అంతకంటె చిక్కు, అతివ్యాకోచము దీర్ఘమైనచో పాతగులకలను మన చూపుమేరకు ఆవల పారవేయును. మిగిలినచో అవి ఆకాశమున మిక్కిలి పెద్ద కోణములలోనే కనబడవలెను. అచ్చట లెక్కించుటకు నమూనాలు కొద్ది. దుర్భిణి నెంత పెద్దది చేసినను పెరుగవు. మనకున్నది ఒకే ఆకాశము.