బాకీతో సహా వచ్చే బండి

"రెండు లక్షలున్నాయి, మంచి సెకండ్ హ్యాండ్ కారు ఏదైనా ఉంటే చెప్పండి" అని తెలిసినవాళ్లు అడుగుతూ ఉంటారు. నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. రెండు లక్షలుంటే లక్షన్నర బండి చూసుకోండి. మిగతా యాభై వేలు కదపకండి. అదీ బండి ధరలో భాగమే.

చాలామందికి ఈ మాట నచ్చదు. ఉన్న డబ్బుకి ఎంత మంచి బండి వస్తే అంత మంచిది కదా అంటారు. కానీ పాత కారు విషయంలో ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బండి అమ్మేద్దామన్న ఆలోచన మనసులో పడిన రోజు నుంచే ఎవరైనా దాని మీద ఖర్చు ఆపేస్తారు. ఎలాగూ ఇచ్చేస్తున్నాం, ఇప్పుడు టైర్లు ఎందుకు? క్లచ్ ఇంకో ఆరు నెలలు లాగుతుంది, కొనేవాళ్లు చూసుకుంటారులే! ఇందులో పెద్ద మోసం ఏమీ లేదు. అది మనిషికి సహజం. అయితే ఆగిపోయిన ఆ ఖర్చు మాయమైపోదు. పాత బాకీలా పేరుకుని, తాళాలతో పాటు కొన్నవాళ్ల చేతికి వస్తుంది. అమ్మినవాళ్లకి మనం ఇచ్చేది ధరలో ఒక భాగం మాత్రమే. రెండో భాగం మెకానిక్ షెడ్డులో కడతాం.

నా దగ్గర ఉన్నది 2010లో రిజిస్టర్ అయిన శాంత్రో. నేనూ సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో నాకు నమ్మకమైన మెకానిక్ ఒకాయన ఉన్నారు. బాబాయ్ అని పిలుస్తాను. బండి కొన్న కొత్తలో ఆయన ముందు చూసింది ఏసీనీ కాదు, పెయింటునీ కాదు. ఇంజిన్ పక్క కవర్ విప్పి టైమింగ్ బెల్టు బయటపెట్టారు. కింద క్రాంక్ తిరిగేదానికీ, పైన వాల్వులు తెరుచుకుని మూసుకునేదానికీ లయ తప్పకుండా చూసేది ఆ రబ్బరు బెల్టే. దాన్ని బొటనవేలితో వెనక్కి వంచి నా వైపు తిప్పారు. పళ్ల మొదట్లో వెంట్రుకవాసి బీటలు. పైనుంచి చూస్తే బెల్టు శుభ్రంగా ఉంది, వంచితేనే అవి కనబడ్డాయి.

"ఇది ముందు చెప్పి తెగదండీ. శబ్దం రాదు, లైటు వెలగదు. అదే దీంతో చిక్కు" అన్నారాయన.

చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. బెల్టు, టెన్షనర్, మజూరీ అంతా కలిపి కొద్ది వేలతో పోయే పని, హెడ్డు దించి వాల్వులు మార్చేదాకా వస్తుంది. అప్పుడు బిల్లు పది రెట్లయినా ఆశ్చర్యం లేదు. పాత కారు ఖర్చంటే ఏమిటో ఈ ఒక్క భాగాన్ని చూస్తే తెలుస్తుంది. వేళకు కడితే చిన్నది, వాయిదా వేస్తే పెద్దది. మారుతీ కె-సిరీస్ పెట్రోల్ ఇంజిన్లలోనూ, ఫియట్ నుంచి వచ్చి స్విఫ్ట్ లాంటి ఎన్నో కార్లలోకి ఎక్కిన 1.3 లీటర్ల డీజిల్‌లోనూ బెల్టు బదులు చైన్ ఉంటుంది. దాన్ని మామూలుగా ఇన్ని కిలోమీటర్లకని మార్చక్కర్లేదు. కానీ అది ఇంజిన్ ఆయిల్ మీద బతుకుతుంది. ముందు యజమాని ఆయిల్ మార్చకుండా నడిపి ఉంటే చైన్ సాగుతుంది. పొద్దున్నే తొలి స్టార్టులో గరగర వినిపిస్తుంది.

అందుకే బండి చూడటానికి వెళ్లేటప్పుడు, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పాలి. బోనెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ చాలా నిజాలు చెబుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే బండి ఆయిల్ తింటోందని అర్థం. తెల్ల పొగ ఎంతసేపటికీ ఆగకపోతే కూలెంట్ మండుతోందేమో చూడాలి. ఆయిల్ మూత తీసి వెనక్కి తిప్పితే, లోపల తెల్లటి నురగ జిగురుగా అంటుకుని ఉందా? హెడ్ గాస్కెట్ మీద అనుమానం పడాల్సిందే. టైరు పక్కన నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైందన్నమాట. గాడులు ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన రబ్బరుని నమ్ముకుని హైవే ఎక్కకూడదు. మీటర్‌లో ముప్పై వేల కిలోమీటర్లే ఉండి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ మెరిసిపోతుంటే మీటర్ తిప్పేశారని గ్రహించాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు చెప్పి పాత రికార్డు కనుక్కుంటే, ఎప్పుడు ఎన్ని కిలోమీటర్లు ఉందో చాలాసార్లు తేలిపోతుంది.

మా ఊళ్లో ఇప్పుడు ఇంకొకటి కూడా చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు నీళ్లలో రోజుల తరబడి నానాయో చూశాం. వాటిలో కొన్ని బాగుపడి ఇళ్లకు వచ్చాయి, కొన్ని చేతులు మారాయి. నీళ్లలో మునగడం బండి తప్పు కాదు, యజమాని తప్పూ కాదు. దాన్ని చెప్పకుండా అమ్మడం తప్పు. కొనేవాళ్లు సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడాలి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు గానీ, బెల్టు చుట్టలో లోపలి మడతల్లో ఎండిన బురద గీతని చాలామంది మరిచిపోతారు. స్టెప్నీ ఉండే గుంత, సీట్ల కింది పట్టాలు, వాటి బోల్టుల తుప్పు కూడా చూడాలి. ఇంజిన్ బాగుచేయవచ్చు. వైరింగ్‌లో చేరిన తేమ మాత్రం ఏళ్లపాటు ఒక్కో లైటూ, ఒక్కో సెన్సరూ తింటూ వస్తుంది.

బండి నచ్చాక కాగితాలు. కొందరు పేరు మార్పిడిని తర్వాత చూసుకుందామని వదిలేస్తారు. ఇది కొన్నవాళ్ల కన్నా అమ్మినవాళ్లకే పెద్ద ప్రమాదం. ప్రమాదం జరిగితే, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఫారం 29, ఫారం 30 సంతకాలు అయ్యాకే డబ్బు చేతులు మారాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఫారం 35, బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ కావాలి. పెండింగ్ చలానాలు ముందే చూసుకోవాలి. బండి కొన్నవాళ్లు బీమా పాలసీని పద్నాలుగు రోజుల్లో తమ పేరు మీదికి మార్పించుకోవాలి. ముందు యజమాని నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది మనిషిది. వెయ్యి సీసీ దాటి పదిహేను వందల లోపు కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. చిన్న కారుకైతే 2,094. ఇది తప్పించుకోకూడని ఖర్చు.

పదిహేనేళ్లు దాటే బండికి మరో మెట్టు ఉంది. మా శాంత్రో 2025లో ఆ మెట్టు ఎక్కింది. కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఒకప్పుడు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కారుకైతే 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ వేరు. రెన్యువల్ ఐదేళ్లకే వస్తుంది. అందుకే పద్నాలుగేళ్ల బండి చౌకగా దొరుకుతోందంటే, ఆ చౌకలో ఈ ఖర్చు కలిపి చూడాలి. ఢిల్లీ నుంచి తక్కువ ధరకి వచ్చే బండ్ల లెక్కా ఇదే. అక్కడ పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల మీద ఆంక్షల వల్ల ధర పడిపోతుంది. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, ఎన్ఓసీ చుట్టూ తిరగడం కలిస్తే తేడా చాలావరకు కరిగిపోతుంది.

ఇక ఆ యాభై వేలు ఎటు పోతాయి? ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, బెల్టులు మొదటి వారంలోనే మార్చేయాలి. అవి మార్చారని అమ్మినవాళ్లు చెప్పినా, బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకోవాలి. చిన్న కారుకి నాలుగు టైర్లు పదిహేను వేల చిల్లర, బ్యాటరీ నాలుగైదు వేలు, క్లచ్ సెట్టు మజూరీతో ఆరేడు వేల పైమాట. సస్పెన్షన్ బుష్‌లు, లోయర్ ఆర్మ్‌లు మన రోడ్ల మీద ఎప్పుడూ వరుసలోనే ఉంటాయి. ఏసీ కంప్రెసర్ పోతే పదిహేను వేలు పక్కన పెట్టుకోవాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కొన్ని పాత బండ్లలో ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల వాడకం తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. పెద్ద ఖర్చు కాదు గానీ, ఇంధన పైపుల్ని సర్వీసులో ప్రత్యేకంగా చూడమని అడగాలి.

ఇంత ఖర్చు పెట్టి పాతదెందుకు, కొత్తదే కొనొచ్చుగా అంటారు. లెక్క వేద్దాం. బీమా కంపెనీల తరుగుదల పట్టిక ప్రకారం కొత్త కారు విలువ నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు సగానికి వస్తుంది. ఏడు లక్షల కారు మూడున్నర లక్షలవుతుంది. అంటే ఏడాదికి డెబ్భై వేలు, ఏ మెకానిక్ చేతికీ వెళ్లకుండానే పోతున్నాయి. దాని మీద లోన్ వడ్డీ వేరు. లక్షన్నర పెట్టి కొన్న పాత కారుకి మామూలు ఏడాదిలో ముప్పై వేలు ఖర్చయినా యజమాని లాభంలోనే ఉన్నాడు. తేడా ఏమిటంటే, కొత్త కారు నష్టం కంటికి కనపడదు, పాత కారు ఖర్చు బిల్లు రూపంలో కళ్లెదుట నిలబడుతుంది. అందుకే అది భయపెడుతుంది. ప్రతి నెలా రెండున్నర వేలు బండి పేరున పక్కన పెట్టుకునే ఇంట్లో ఆ భయం ఉండదు.

అయితే ఈ లెక్క చిన్న, సాదా బండ్లకే. ఒకప్పుడు యాభై లక్షలు పలికిన విదేశీ కారు ఆరు లక్షలకు వస్తోందని ఉబలాటపడేవాళ్లకి చెప్పేది ఒకటే. కారు ధర తగ్గింది గానీ, దాని స్పేర్ల ధర తగ్గలేదు. గేర్‌బాక్స్, సస్పెన్షన్, ఎలక్ట్రానిక్స్ అన్నీ యాభై లక్షల కారువే. మన దేశంలో అమ్మకాలు ఆపేసి వెళ్లిన కంపెనీల బండ్లు కొనేముందు కూడా ఆటోనగర్‌లో రెండు మూడు షాపుల్లో స్పేర్ల సంగతి అడిగి రావాలి. కొన్ని దొరుకుతాయి, కొన్నింటికి వారాలు ఆగాలి. ఆగిన ప్రతి రోజూ ఆటోలకీ, క్యాబ్‌లకీ డబ్బు పోతూనే ఉంటుంది.

డబ్బు లెక్కలోకి ఎక్కనిది ఇంకొకటుంది. ప్రాణం. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే. ఏబీఎస్ కూడా ఆ ఏడాదే అన్నింటికీ వచ్చింది. ముందు సీటులో రెండో ఎయిర్‌బ్యాగ్ పాత మోడళ్లకి తప్పనిసరైంది 2022 నుంచి. మా శాంత్రోలో ఇవేవీ లేవు. ఊళ్లో కూరగాయలకీ, ఆసుపత్రికీ, స్టేషన్‌కీ దాన్నే వాడతాం. హైదరాబాద్ వెళ్లాలంటే రైలో, బస్సో ఎక్కుతాం. నెలనెలా పిల్లలతో హైవే ఎక్కే కుటుంబమైతే, మరో లక్ష కలిపి ఈ భద్రతలున్న బండే కొనమని బతిమాలుతాను. అక్కడ మిగిల్చే డబ్బు మిగులు కాదు.

నా దగ్గర డాష్‌బోర్డ్‌లో ఒక ఫైలు ఉంటుంది. తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం, ఒరిజినలా లోకలా, షాపు బిల్లు. రేపు ఈ బండి అమ్మితే ఆ ఫైలు కూడా ఇచ్చేస్తాను. చేయించాల్సి ఉండి చేయించనివి ఏమైనా ఉంటే అవి కూడా రాసి, ఆ మేరకు ధర తగ్గించి ఇస్తాను. ఇది దానం కాదు. నా వాటా బాకీని నేను తీర్చడం. ఇప్పుడు మన బజారులో చక్కగా చూసుకున్న బండికీ, తుడిచి మెరిపించిన బండికీ దాదాపు ఒకే ధర పలుకుతోంది. ఎందుకంటే కొనేవాళ్లు రంగు చూస్తారు, మీటర్ చూస్తారు, మైలేజీ అడుగుతారు. బిల్లులు అడగరు. అడగనంతకాలం వేళకు ఖర్చు పెట్టినవాళ్లకి విలువ రాదు, వాయిదా వేసినవాళ్లకి నష్టం రాదు. ఆ నష్టమంతా మూడోవాళ్లు మోస్తారు.

ఈ పద్ధతిని ప్రభుత్వమో, కంపెనీలో మార్చాల్సిన పని లేదు. కొనేవాళ్లు మార్చగలరు. బేరానికి కూర్చోగానే ధర అడిగేముందు ఒక మాట అడగండి: "ఈ రెండేళ్లలో దీనికి ఏమేం చేయించారు? కాగితాలున్నాయా?" ఉన్నాయని ఫైలు తీసి ఇచ్చినవాళ్లకి పది వేలు ఎక్కువే ఇవ్వండి. అందులో మీరు కట్టాల్సిన బాకీ అంత తక్కువ.