మాలదాసరి దారి ఏ పటంలో ఉంది?

పాత ఊళ్ళని ఎలా కాపాడాలి, యాత్రికుల్ని ఎలా రప్పించాలి అనే చర్చల్లో ‘నడక’ ఇప్పుడు పెద్ద మాటయింది. వీధులు ఇరుగ్గా ఉన్నా ఒకదాన్నొకటి కలవాలి, నీడ ఉండాలి, మోటారు బళ్ళు తగ్గాలి. నడిచే యాత్రికుడు ఆగుతాడు, కొంటాడు, ఊరికి నాలుగు డబ్బులొస్తాయి. ఇదంతా మంచిదే. కానీ ఈ లెక్కలో నడిచే మనిషికి కులం లేదు. మన ఊళ్ళల్లో ఉంది.

కృష్ణా జిల్లా శ్రీకాకుళాన్నే తీసుకుందాం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఊరు. ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువు గుడి ప్రఖ్యాతి కృష్ణదేవరాయల కలతో ముడిపడింది. కళింగ దండయాత్రకు పోతూ ఇక్కడ ఆగితే, దేవుడు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని ‘ఆముక్తమాల్యద’ చెబుతుంది. పొరుగునే ఘంటసాల బౌద్ధ స్తూపం, కూచిపూడి, ఆ పైన బందరు. వీటిని కలుపుతూ వారసత్వ యాత్ర అని గీత గియ్యటం సులువే. ఆ గీత ఎవరి వాకిట్లో ఆగిపోతుందన్నదే మన ప్రశ్న.

రాయల కలను చెప్పుకునేవాళ్ళు అదే కావ్యంలోని మాలదాసరిని ఎందుకు చెప్పరు? అతను తమిళదేశంలోని కురుంగుడి దేవుణ్ణి కొలవటానికి తెల్లారకముందే మైళ్ళకొద్దీ నడిచొచ్చేవాడు. గుడి బయటే నిలబడి పాడేవాడు. ఒక రాత్రి దారి తప్పి, మర్రిచెట్టు దగ్గర బ్రహ్మరాక్షసుడికి చిక్కాడు. పాడి వస్తానని మాటిచ్చాడు, పాడి తిరిగొచ్చాడు. ఒకప్పుడు బ్రాహ్మడైన ఆ రాక్షసుడికి విముక్తి దొరికింది దాసరి పాట ఫలంతోనే. దీన్ని భక్తి మహిమ అంటారు. ఆ భక్తి రాక్షసుణ్ణి ఉద్ధరించింది సరే, దాసరిని గుడి గడప దాటించిందా? కవి అతని పాటకి విలువ కట్టాడు, అతని దూరాన్ని అలాగే ఉంచాడు.

ఆ దూరం కావ్యంతో ఆగలేదు. 1924-25లో వైకంలో సత్యాగ్రహం జరిగింది గుడిలోకి పోవటానికి కూడా కాదు, గుడి చుట్టూ రోడ్ల మీద నడవటానికి. అదే 1924లో రోడ్లూ బావులూ అందరికీ తెరవాలని మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టాల్సొచ్చింది. కృష్ణా జిల్లా అప్పుడు ఆ ఏలుబడిలోదే. చివరికి రాజ్యాంగం 15వ అధికరణంలో రోడ్ల పేరెత్తి మరీ రాయాల్సొచ్చింది.

ఇళ్ళల్లోంచీ కొట్లల్లోంచీ నలుగురూ చూస్తుంటే వీధి భద్రంగా ఉంటుందని జేన్ జేకబ్స్ 1961లో రాసింది. అమెరికా నగరాలకి నిజమే కావచ్చు. మన దగ్గర అరుగు మీది చూపు చూసేదేంటి? వీడు చెప్పులు తొడుక్కున్నాడా, సైకిల్ దిగాడా, ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోంది? ఒకరికి భద్రతైన చూపు ఇంకొకరికి కాపలా. వీధి వెడల్పు కొలిచేవాళ్ళ టేపుకి ఇది అందదు.

డెల్టా ఊళ్ళల్లో గుడీ బజారూ నడుమ ఉంటే, మాలపల్లీ మాదిగగూడెమూ తరచు ఊరి చివరో కాలవ గట్టునో ఉంటాయి. రథవీధికి రాళ్ళు పరిచి దీపాలు పెట్టి, వాడకి పోయే డొంకనీ శ్మశానం దారినీ బురదలో వదిలేస్తే దాన్ని పరిరక్షణ అనలేం. అది వెలికి పూసిన కొత్త రంగు.

అందుకని మొదటి రూపాయి ఆ డొంకకి ఖర్చవ్వాలి. అందం పేరు చెప్పి గట్టు మీది గుడిసెల్నీ, తోపుడు బళ్ళనీ గ్రామసభ ఒప్పుకోకుండా కదపకూడదు. గుడి ముందు రాయల కల చెప్పేవాళ్ళు మాలదాసరి కథా చెప్పాలి. చెప్పేవాళ్ళలో వాడ పిల్లలుండాలి, ఆ కూలి వాళ్ళకీ అందాలి. ఇక ఊరు నడవటానికి అనువుగా ఉందా లేదా అన్నది, చీకటి పడ్డాక కూలి నుంచి ఇంటికొచ్చే వాడ ఆడమనిషిని అడిగి రాసుకోవాలి. ఆమె ఔనన్నాకే యాత్రికుల్ని పిలవొచ్చు.