స్నేహానికి పెట్టిన గడువు: ‘స్టాండ్ బై మీ డోరేమాన్’ చిత్ర పరిశీలన

ఏళ్ల తరబడి సాగే ధారావాహికకు, గంటన్నరలో ముగిసే చలనచిత్రానికి మధ్య గల ప్రధాన భేదం కాలానికి సంబంధించినది. ధారావాహికలో పాత్రలకు వయస్సు పెరగదు. ఈ వారం జరిగిన అనర్థం వచ్చే వారానికి చెరిగిపోతుంది. బడికి ఆలస్యంగా వెళ్లిన బాలుడు మరునాడూ ఆలస్యంగానే వెళ్తాడు. ఆ పునరావృత్తిలోనే ప్రేక్షకునికి ఒక భరోసా లభిస్తుంది. చలనచిత్రానికి మాత్రం ఆది, మధ్యం, అంతం కావాలి. అంతం లేని కథకు అంతం కల్పించబూనినప్పుడు, మూలకథ ప్రాణం ఎక్కడ ఉన్నదో గుర్తించని దర్శకులు ఎంతటి నేర్పరులైనా దారి తప్పుతారు. 2014లో జపాన్‌లో విడుదలైన ‘స్టాండ్ బై మీ డోరేమాన్’ యానిమేషన్ చిత్రం ఇందుకు నిదర్శనం.

డోరేమాన్ కథల సృష్టికర్త, ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన హిరోషి ఫుజిమోతో (1933-1996). షోగాకుకాన్ సంస్థ ప్రాథమిక పాఠశాల విద్యార్థుల కోసం తరగతుల వారీగా వెలువరించిన మాసపత్రికలలో, 1970 జనవరి సంచికలతో ఈ బొమ్మల కథ ఆరంభమైంది. చదువులోను, ఆటలలోను వెనుకబడిన నోబితా అనే బాలుని మేజా సొరుగులోంచి పిల్లి ఆకారపు మరమనిషి ఒకడు బయటికి వస్తాడు. ఇరవైరెండవ శతాబ్దికి చెందిన ఆ మరమనిషే డోరేమాన్. అతనిని వెంటబెట్టుకుని వచ్చినవాడు నోబితా మనుమని మనుమడైన సెవాషి. నోబితా అసమర్థత వల్ల పేరుకున్న అప్పులు తరతరాలను పీడిస్తున్నాయి గనుక, ఆ పూర్వికుణ్ణి చక్కదిద్దాలని సెవాషి ఆశ.

1973లో టెలివిజన్‌కు ఎక్కిన తొలి రూపం కొద్ది నెలలకే ఆగిపోయింది. 1979 ఏప్రిల్‌లో టీవీ అసాహీ సంస్థ ప్రారంభించిన ధారావాహిక 2005 మార్చి వరకు 1,700కు పైగా భాగాలతో సాగింది. ఆ వెంటనే కొత్త గాత్రధారులతో మరో ధారావాహిక మొదలైంది. 1980లో వచ్చిన ‘నోబితా డైనోసార్’ మొదలుకొని దాదాపు ప్రతి వసంతంలోను ఒక సాహస చిత్రం విడుదలవుతూ వచ్చింది. భారతదేశంలో 2005 నుంచి హిందీలోను, అనంతరం తెలుగు, తమిళ భాషలలోను డోరేమాన్ ప్రసారమైంది. నోబితా, షిజుకా, జియాన్, సునియో అనే పేర్లు ఒక తరం తెలుగు పిల్లలకు పక్కింటి పిల్లల పేర్ల వలె పరిచితమైనవి. 2008లో జపాన్ విదేశాంగ మంత్రిత్వ శాఖ డోరేమాన్‌ను తమ దేశపు ‘అనిమే రాయబారి’గా నియమించింది.

‘స్టాండ్ బై మీ’ ఏటేటా వచ్చే సాహస చిత్రాల వరుసకు చెందినది కాదు. పూర్తిగా కంప్యూటర్ త్రిమితీయ చిత్రణతో రూపొందిన తొలి డోరేమాన్ చిత్రంగా, ఫుజిమోతో 80వ జయంతి సందర్భాన్ని పురస్కరించుకుని, ప్రత్యేకంగా నిర్మితమైనది. తకాషి యమజాకి, ర్యూయిచి యాగి దీనికి దర్శకులు. జపాన్‌లోనే 830 కోట్ల యెన్‌లకు మించి వసూలు చేసింది. 2015లో జపాన్ అకాడమీ ఉత్తమ యానిమేషన్ చిత్ర పురస్కారాన్ని అందుకున్నది. ధనము, గౌరవము రెండూ దక్కిన చిత్రాన్ని నిరాశాజనకమనడం సాహసంగా తోచవచ్చు. అయితే ఆ విజయానికి చెల్లించిన మూల్యమేమిటో విచారించవలసి ఉన్నది.

చిత్రారంభంలోనే మూలంలో లేని ఒక కల్పన చోటు చేసుకున్నది. నోబితా దగ్గర ఉండడానికి డోరేమాన్ ఇష్టపడడు. అప్పుడు సెవాషి అతనిలో ఒక ప్రోగ్రామును అమర్చుతాడు. నోబితాను సుఖవంతుణ్ణి చేసేంత వరకు డోరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్లరాదు. ఆ పని పూర్తయిన తరువాత ఇక్కడ ఉండరాదు. ఆజ్ఞను ఉల్లంఘించబోతే విద్యుదాఘాతం తగులుతుంది. కథనానికి ఇది అనుకూలమైన ఏర్పాటే. కథకు ఒక లక్ష్యం, ఒక గడువు, చివర ఒక వియోగం సునాయాసంగా సమకూరాయి. కాని ఈ ఒక్క మార్పుతో డోరేమాన్ కథ మరొక కథగా మారిపోయింది.

మూలంలోనూ సెవాషి ఒక ప్రయోజనాన్ని ఆశించే వచ్చాడన్న మాట వాస్తవం. అయితే ఫుజిమోతో ఆ ప్రయోజనాన్ని తొలి కథలో చెప్పి, క్రమంగా మరుగున పడనిచ్చాడు. డోరేమాన్ ఆ ఇంట్లో అన్నం తింటాడు, గోడ అలమరలో నిద్రిస్తాడు, ఎలుకను చూసి హడలిపోతాడు, నోబితాతో కలహిస్తాడు. తన పొట్ట సంచిలోంచి తీసి ఇచ్చిన వింత పరికరాలు చాలాసార్లు బెడిసికొడతాయి. బాలుడు ఏ మాత్రం బాగుపడిన దాఖలా లేదు. అయినా అతడు వెళ్లిపోడు. ఎందుకు ఉన్నాడన్న ప్రశ్న పాఠకునికి తోచదు. ఇంట్లో అన్నదమ్ములు ఎందుకు ఉన్నారని ఎవరూ అడగరు గదా! ప్రయోజనం మరపుకు వచ్చిన చోటనే ఆ స్నేహం మొలకెత్తింది. చిత్రం ఆ మరపును భగ్నం చేసి, స్నేహాన్ని విధి నిర్వహణగా మార్చివేసింది. విద్యుదాఘాతానికి వెరచి నిలిచినవాడు తరువాత ఇష్టపడి నిలిచినా, మొదటి నిర్బంధపు నీడ తొలగదు.

చిత్రం పతాక సన్నివేశానికి ఆధారమైన రెండు కథలు 1974 నాటివి. జపాన్‌లో విద్యా సంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో మొదలవుతుంది. డోరేమాన్ వీడ్కోలు కథ మూడవ తరగతి పిల్లల పత్రిక మార్చి సంచికలో వెలువడింది. ఆ పిల్లలు మరుసటి నెలలో నాల్గవ తరగతికి, నాల్గవ తరగతి పత్రికకు మారేవారు. పై తరగతికి వెళ్తున్న పాఠకునికి అది నిజంగానే ఒక వీడ్కోలు. కథలో డోరేమాన్ భవిష్యత్తుకు తిరిగి వెళ్లవలసి వస్తుంది. కారణాన్ని రచయిత విస్తరించడు. ఆ రాత్రి నోబితా ఒంటరిగా జియాన్‌కు ఎదురు నిలుస్తాడు. డోరేమాన్‌ను పిలవకుండానే నెగ్గాలని, దెబ్బలు తింటూ మళ్లీ మళ్లీ పట్టుకుంటాడు. చివరకు విసిగిన జియానే ఓటమిని ఒప్పుకుంటాడు. గాయపడిన మిత్రుణ్ణి పడుకోబెట్టి డోరేమాన్ తెల్లవారేసరికి వెళ్లిపోతాడు. చివరి చిత్రంలో ఖాళీ గది, మేజా, దాని ఎదుట కూర్చున్న బాలుడు మాత్రమే కనిపిస్తారు.

ఏప్రిల్ సంచికలోనే, ఏప్రిల్ ఒకటవ తేదీ అబద్ధాల పండుగను ఆసరా చేసుకుని, డోరేమాన్ తిరిగి వస్తాడు. తాగినవాని మాటలన్నీ తారుమారై జరిగే ఒక పానీయాన్ని అతడు నోబితా కోసం విడిచి వెళ్లాడు. మిత్రుడు ఇక ఎన్నటికీ రాడని నోబితా విచారంతో అన్న మాట అబద్ధమై, మిత్రుడు ప్రత్యక్షమవుతాడు. ఆనందాన్ని వ్యతిరేకార్థంలోనే పలకవలసి రావడం ఈ కథలోని చమత్కారం. బాలసాహిత్యంలో ఇంతటి పొదుపైన కల్పనలు అరుదు.

‘స్టాండ్ బై మీ’ ఈ ఘట్టాలను చాలా వరకు యథాతథంగానే తీసుకున్నది. అందుకే అక్కడ ప్రేక్షకులు కంటతడి పెడతారు. కాని ఆ కన్నీటికి మూలం 1974 నాటి కథలలో ఉన్నది, చిత్రం దానికి చేర్చినది స్వల్పం. పైగా వియోగానికి కారణం ప్రోగ్రాము గనుక, పునరాగమనానికి మునుపటి అర్థం మిగలలేదు. పని ముగించిన యంత్రం తిరిగి రావడానికి అనుమతి ఎలా లభించిందన్న సందేహం ప్రేక్షకుణ్ణి వెంటాడుతుంది. మూలంలో ఈ సందేహం పుట్టదు. అక్కడ ఆజ్ఞ లేదు, కావున ఉల్లంఘనా లేదు.

రసపోషణ విషయమై భారతీయ ఆలంకారికులు చేసిన ఒక హెచ్చరిక ఇక్కడ స్మరణీయం. పరిపోషం పొందిన రసాన్ని పదే పదే ఉద్దీపింపజేయడం రసవిరోధమని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ మూడవ ఉద్ద్యోతంలో పేర్కొన్నాడు. అట్టి రసం మాటిమాటికి తాకగా వాడిన పువ్వు వంటిదని అతని భావం. తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుని మాట ఈ జపాన్ చిత్రానికి ఎంతో చక్కగా అన్వయిస్తుంది. షిజుకాను వదులుకోవడానికి నోబితా పడే వేదన, మంచుకొండపై ప్రమాదం, వివాహానికి ముందు రాత్రి తండ్రీకూతుళ్ల సంభాషణ, డోరేమాన్ నిష్క్రమణ, పునరాగమనం: విడివిడిగా రచించిన ఈ కరుణార్ద్ర కథలన్నీ 95 నిమిషాలలో వరుసగా వచ్చి పడతాయి. ఒకదాని ప్రభావం మనసులో ఇంకకముందే మరొకటి తరుముకొస్తుంది. పత్రికలో ఈ కథల నడుమ నెలలు, సంవత్సరాలు ఉండేవి. ఆ ఎడములో ఎన్నో నవ్వుల కథలు వచ్చిపోయేవి. హాస్యపు నేలపై అప్పుడప్పుడు కురిసిన కరుణకు ఆ కారణంగానే అంత విలువ.

1998లో ఆయుము వతనబె దర్శకత్వంలో వచ్చిన ‘డోరేమాన్ తిరిగి వచ్చాడు’ లఘుచిత్రాన్ని దీనితో పోల్చి చూడవచ్చును. అది అరగంటైనా నిడివి లేనిది. వీడ్కోలు, పునరాగమనం, ఈ రెండే అందులోని ఇతివృత్తం. అతడే 1999లో వివాహపూర్వ రాత్రి కథను, 2000లో నాయనమ్మ కథను వేర్వేరు లఘుచిత్రాలుగా మలిచాడు. ఒక్కొక్క కథకు దాని ఊపిరిని దానికి విడిచిపెట్టిన ఔచిత్యం ఆ చిత్రాలలో కనిపిస్తుంది. మూలానికి లోబడి కూడా వెండితెరపై రాణించవచ్చునని అవి పదిహేనేళ్ల ముందే నిరూపించాయి.

కథలను ఒక్క దారంపై గుచ్చడం వల్ల మరొక నష్టం కూడా జరిగింది. నోబితా సుఖం అంటే షిజుకాతో వివాహమేనని చిత్రం నిర్ణయించింది. ఆ పెండ్లి నిశ్చయం కాగానే ప్రోగ్రాము నెరవేరినట్టు లెక్క. దీనితో మూలంలో తనదైన చురుకుదనం గల షిజుకా, బాలుని అభివృద్ధికి కొలబద్దగా కుదించుకుపోయింది. పరుల సుఖాన్ని కోరగలవాడు, పరుల దుఃఖానికి దుఃఖించగలవాడు అని షిజుకా తండ్రి కాబోయే అల్లుణ్ణి మెచ్చుకునే ఘట్టం చిత్రంలోనూ ఉన్నది. ఫుజిమోతో మొత్తం రచనకు ఆ మాటే తాత్పర్యం. కాని విజయాన్ని లెక్కించే ప్రోగ్రాము నీడలో ఆ మెప్పుకు కూడా పరీక్షలో వచ్చిన మార్కుల వాసన అంటింది.

చిత్రంలో గుణాలు లేకపోలేదు. మంచుకొండ ఘట్టంలో బాలుడైన నోబితా తన జ్ఞాపకం ద్వారా పెద్దవాడైన తనకే కబురు పంపడం చక్కని కల్పన. వెదురు రెక్కను తలపై పెట్టుకుని పిల్లలు తొలిసారి ఎగిరే దృశ్యంలో త్రిమితీయ చిత్రణ సార్థకమైంది. యమజాకి సాంకేతిక ప్రతిభ సందేహాతీతం. అతని ‘గాడ్జిల్లా మైనస్ వన్’ (2023) దృశ్య ప్రభావాలకు 2024లో ఆస్కార్ పురస్కారం అందుకోవడం అందుకు తార్కాణం. కాని డోరేమాన్ రూపం నాలుగు వంపు గీతలతో పిల్లలు నోటుపుస్తకంలో తామే గీసుకోగలిగినది. ఆ గీతకు నునుపు, మెరుపు, నీడ చేర్చడంతో బొమ్మ దుకాణపు అద్దం వెనుక వస్తువుగా మారింది. ఖాళీ గదిని చూపిన పాత చిత్రంలో పాఠకుడు పూరించుకోవలసిన శూన్యం ఉన్నది. కొత్త చిత్రంలో ప్రతి అంగుళమూ నిండిపోయి ఉన్నది.

ఈ చిత్రం ఎవరి కోసం తీసినదో దాని ప్రచారమే తెలిపింది. ఒకప్పుడు పిల్లలుగా ఉన్నవారందరికీ అంకితమని అది ప్రకటించుకున్నది. పెద్దల గతస్మృతి తప్పుపట్టదగినదేమీ కాదు. 1950ల నాటి తోక్యోను 2005లో ‘ఆల్వేస్’ చిత్రంలో పునర్నిర్మించిన యమజాకికి అది పరిచితమైన భూమిక. కాని బాల్యాన్ని వెనుదిరిగి చూసేవానికి అది ముగిసిపోయిన కాలం. అందులో ఉన్న బాలునికి మాత్రం అది ముగియనిది. డోరేమాన్ ఆ రెండవవాని కోసం పుట్టినవాడు.

2020లో వచ్చిన రెండవ భాగం ఈ లోపాన్ని మరింత స్పష్టం చేసింది. మూలకథలో, మరణించిన నాయనమ్మను గతంలోకి వెళ్లి కలుసుకున్న నోబితాతో, అతని పెండ్లికూతుర్ని చూడాలని ఉన్నదని ఆమె అంటుంది. దానికి నోబితా పడే తొందరను హాస్యంగా చూపి కథ ముగుస్తుంది. తీరని కోరికను నవ్వుతో కప్పడంలోనే ఆ కథ లోతు ఉన్నది. చిత్రం ఆ కోరికను నెరవేర్చవలసిన పనిగా స్వీకరించి, పెండ్లినాడు పారిపోయిన వరుణ్ణి వెతికే యాత్రగా పెంచింది. తీర్చకుండా విడిచినదాన్ని తీర్చి చూపడమే రెండు చిత్రాల పద్ధతి.

ఒక దేశం తన సంస్కృతిని పరదేశాలకు పంపేటప్పుడు ఏదో ఒక ప్రయోజనాన్ని ఆశించడం సహజం. డోరేమాన్‌కు రాయబారి పదవి లభించడంలో కూడా అట్టి ఆశ ఉన్నది. అయితే హైదరాబాదులోనో, అనకాపల్లిలోనో బడి నుంచి ఇంటికి వచ్చి టెలివిజన్ ముందు కూర్చున్న పిల్లవానికి ఆ పదవి సంగతి తెలియదు. ఏ పనీ సాధించకపోయినా తనను విడిచిపోని ఒక మిత్రుణ్ణి అతడు అక్కడ చూశాడు. పరీక్షలు, పోటీలు, మార్కుల మధ్య పెరిగే పిల్లలకు అటువంటి మిత్రుని అవసరం చిన్నది కాదు. ‘స్టాండ్ బై మీ’ ఆ మిత్రునికి లక్ష్యాన్ని, గడువును నిర్ణయించింది. శీర్షికలోనే ‘నా చెంత నిలువు’ అని కోరిన చిత్రం, నిలవడానికి స్నేహం తప్ప వేరే కారణం అక్కరలేదన్న సంగతిని మరచిపోయింది.