సాక్ష్యంలో రాని సగం కథ

మన గిరిజనుల్లో ఎక్కువమంది చెప్పుకునే సాహిత్య రూపం ఏదని అడిగితే పాట అంటాం, కథ అంటాం. ఇవాళ మా వైపు చూస్తే నాకు సాక్ష్యమే కనిపిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల సుగాలి తండాల్లో, ఎరుకల వీధుల్లో యేసును నమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. ఉపవాస ప్రార్థన రోజునో, కొత్త సంవత్సరం రాత్రో ఎవరో ఒకరు లేచి మైకు పట్టుకుని తమ బతుకు చెప్తారు. బడి ముఖం చూడని ఆడవాళ్ళు కూడా పది నిమిషాలు తడబడకుండా చెప్తారు. కొన్ని కరపత్రాలుగా అచ్చవుతాయి. మన విమర్శకులు వీటిని ముట్టుకోరు. భక్తి వ్యవహారం కదా అని కొందరు పక్కన పెడతారు, మత మార్పిడి అని కొందరు కోప్పడతారు. ఎట్లా చూసినా చెప్పిన మనిషి మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కదు.

నేను వింటాను. మా ఇంట్లో ఆవిడ ప్రార్థనకు పోతుంది. నేను వెనక, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చుంటాను. బాప్తిస్మం తీసుకోలేదు. కాబట్టి దీన్ని విశ్వాసి మాటగానో విరోధి మాటగానో తీసుకోవద్దు. ఎరుకల ఇంట్లో పుట్టి, తెలుగు పాఠం చెప్పుకుని బతికే మనిషి మాట ఇది.

సాక్ష్యానికి ఒక అచ్చు ఉంది. మొదట చీకటి, తర్వాత ఒక జబ్బో చావో అప్పో, ఆ తర్వాత వెలుగు. అచ్చు ఉండడం తప్పు కాదు, బుర్రకథకూ ఉంది. చదువురాని మనిషికి ధైర్యం ఇచ్చేది అదే; ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది. చిక్కల్లా ఒక్కచోటే ఉంది. ఈ అచ్చులో బాధకు ఒకే పేరు ఉంది, పాపం. నేను చేసిన తప్పూ ఆ పేరు కిందికే పోతుంది, నాకు జరిగిన అన్యాయమూ ఆ పేరు కిందికే పోతుంది.

హిందూపురానికి దగ్గర్లో ఒక పల్లెలో విన్న సాక్ష్యం చెప్తాను. ఈత బరిగెలతో గంపలు అల్లే ఎరుకలామె, యాభై ఏళ్ళుంటాయి. ఎరుక చెప్పి జనాన్ని మోసం చేశానని చెప్పింది. తన భర్త దొంగ, తాగుబోతు అని చెప్పింది. చచ్చిపోదామని బావి దాకా పోయిన రోజు పక్కింటామె చెయ్యి పట్టుకుని ప్రార్థనకు తీసుకుపోయిందని, ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత నిద్ర పట్టిందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కూటం అయ్యాక అరుగు మీద టీ తాగుతూ ఆమెను అడిగాను, "మీ ఆయన ఏం దొంగతనం చేసినాడక్కా?" అని.

"ఏమీ చెయ్యలేదు సార్" అనింది. "ఊర్లో యాడ దొంగతనం జరిగినా ముందు మా ఇంటికే వస్తాండ్రి. ఒకసారి తీసకపోయి నాలుగు దినాలు పెట్టుకున్యారు. వచ్చినప్పుడు కాలు ఇరిగి ఉండె. కాలు పోయినాంక పని ల్యాకపాయ. అప్పుడు మొదలుపెట్టినాడు తాగేది."

"మరి ఆ మాట మైకులో చెప్పలేదే?"

"అది సాక్ష్యం కాదు కదా సార్. అది కష్టం."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. నిజం చెప్పాలని లేచిన మనిషి, తనకు తెలియకుండానే, తన భర్త మీద పోలీసులు వేసిన ముద్రను దేవుని సన్నిధిలో ఇంకోసారి వేసింది. దొంగ అన్నది ఆమె మాట కాదు. ఎవరో రాసిపెట్టిన మాట ఆమె నోట పలికింది.

అట్లని ఆమెకు జరిగిన మేలును తక్కువ చేయను. ఆమె భర్త తాగుడు మాని రెండేళ్ళయింది. వేరే కులాల వాళ్ళు ఆమె ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నారు. అంతకుముందు ఆమె గంప కొనేవాళ్ళు కూడా డబ్బులు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టేవాళ్ళట. ఆ కూటంలో ఆమెకు ఒక పేరుంది, బయట 'ఎరుకలది' అంతే. మన రచయితల సభల్లో చర్చి మన సంస్కృతిని చెరిపేసిందని గట్టిగా మాట్లాడేవాళ్ళను చూశాను. వాళ్ళ మాటలో కొంత నిజముంది, ముందు ముందు చెప్తాను. కానీ ఆమె ఇంట్లో కూర్చుని తిన్నవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.

ఆ 'దొంగ' మాట ఎక్కడిదో మన పిల్లలకు తెలియాలి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారి మీద ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో బెంగళూరు వైపు ఈ పట్టాలు పడకముందు ఊరూరికీ ఉప్పూ ధాన్యమూ మోసిందెవరు? సుగాలీల ఎద్దులు, ఎరుకల గాడిదలు. ఉప్పు ఎరుకల అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, మోసే పని పోయింది. పని పోయి తిరిగేవాడు అనుమానితుడయ్యాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల సంగతి ఇదేనని మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పరిశోధన గ్రంథంలో వివరంగా చూపించారు. ఉపాధ్యాయులు తప్పకుండా చదవాల్సిన పుస్తకం. నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తర భారతంలో వచ్చింది, 1911 నుంచి మద్రాసుకూ వర్తించింది. వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. తప్పు చేసినా చేయకపోయినా పుట్టిన కులమే నేరం.

ఇక్కడే క్రైస్తవం మన చరిత్రలోకి వచ్చింది, అదీ సర్కారు చెయ్యి పట్టుకుని వచ్చింది. మనకు దూరంగా కోస్తాలో, బాపట్ల దగ్గర, 1910 దశకంలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతికి ఎరుకల సెటిల్మెంటును అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. కావలిలో ఇట్లాంటిదే అమెరికన్ బాప్టిస్టులు నడిపారు. సాల్వేషన్ ఆర్మీ పెద్ద బూత్ టక్కర్ ఈ పని గురించి ఒక పుస్తకం రాశాడు. దాని పేరు 'క్రిమినోక్యూరాలజీ'. నేరానికి వైద్యం అన్నమాట. అంటే మనం రోగులం, నేరం మన రోగం, సెటిల్మెంటు ఆసుపత్రి. అక్కడ పిల్లలు అక్షరాలు నేర్చుకున్న మాట నిజమే. పెద్దలు చీరాల పొగాకు కంపెనీకి చౌకగా దొరికిన కూలీలయిన మాటా నిజమే. తలుపు తెరిచి వెళ్ళిపోయే స్వేచ్ఛ లేని ఆసుపత్రిని ఏమనాలో పాఠకులే ఆలోచించండి.

మద్రాసు ప్రాంతంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. అనుమానం మాత్రం పోలేదు. 1991 నాటి 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' నుంచి 2023 నాటి 'టైగర్ నాగేశ్వరరావు' దాకా సినిమా వాళ్ళకు ఆ ఊరి పేరు దొంగల కథకే పనికొచ్చింది.

కాబట్టి స్వస్థత అన్న మాట వినగానే నాకు రెండు అర్థాలు తోస్తాయి. నీకు తగిలిన దెబ్బను నయం చేయడం ఒకటి. నువ్వే ఒక జబ్బు అని చెప్పి నిన్ను బాగు చేయబూనడం రెండోది. హిందూపురం అక్కకు బతుకులో మొదటిది దొరికింది. మైకు ముందు నిలబడినప్పుడు మాత్రం ఆమె నోట రెండోదాని భాష వచ్చింది. మన సాక్ష్యాల్లో నేను చూసే లోపం ఇదే. ఇది విశ్వాసంలో లోపం అనుకోను, కథనంలో లోపం.

ఎందుకంటే బైబిల్లోనే వేరే అచ్చులు ఉన్నాయి. మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ ప్రార్థనకు పోయే పిల్లలందరికీ తెలుసు. ఆమె వస్త్రం తాకగానే నయమైపోయింది. కథ అక్కడే ఆగవచ్చు, ఆగలేదు. యేసు ఆగి, ఎవరు తాకారని అడిగి, జనం మధ్య ఆమె చేత సంగతి అంతా చెప్పిస్తాడు. ఆమె ఎంతమంది వైద్యుల చేతుల్లో అవస్థ పడిందో, ఉన్నదంతా ఎట్లా ఖర్చయిపోయిందో ఆ కథ దాచదు. ఆమె నేను పాపిని అనలేదు, ఆయనా అనలేదు. కూతురా అని పిలిచాడు. ఇంకోటి, కీర్తనల గ్రంథంలో సుమారు మూడో వంతు మొరలే. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. వెలుగు రాలేదని ఎవరూ దాన్ని గ్రంథంలోంచి తీసేయలేదు. యోబు స్నేహితులు నీ బాధకు నీ పాపమే కారణం అంటే యోబు ఒప్పుకోలేదు, చివరికి దేవుడు తప్పుపట్టింది ఆ స్నేహితులనే. మన కూటాల్లో యోబు కష్టం గురించి చెప్తారు గానీ యోబు వాదన గురించి అంతగా చెప్పరు.

ధర్మవరం వైపు తండా నుంచి వచ్చిన ఒక కరపత్రం గురించి కూడా చెప్పాలి. రాసిన యువకుడు సుగాలి. బెంగళూరు కూలి బతుకు, అక్కడ పోయిన తమ్ముడు, అన్నీ కళ్ళకు కట్టినట్టు రాశాడు. తమ్ముడి శవాన్ని తీసుకొచ్చే లారీకి డబ్బులు పోగు చేసిన పేజీ చదివి నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. తర్వాతి పేజీలో మాత్రం తండాను 'అంధకారం' అన్నాడు, ముసలమ్మల ఏడుపు పాటల్ని కూడా అందులోనే వేశాడు. ఢావ్లో తెలిసినవాళ్ళకు ఈ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. అత్తింటికి పోయే పిల్ల తల్లినీ వదినలనూ పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. ఒక్కతే ఏడవదు, పట్టుకున్న ప్రతి మనిషీ ఏడుస్తుంది, ఏడుపులోనే బంధుత్వాలు లెక్కపెట్టుకుంటారు. బాధను నలుగురి మధ్య పెట్టి మోసే పద్ధతి తండాకు ఎప్పుడో తెలుసు. సేవాలాల్ పుట్టిన చోటుగా కొలిచే సేవాగఢ్ మన గుత్తి దగ్గరే ఉంది; ఏసును నమ్మినంత మాత్రాన ఆ నేల అంధకారం అనాలా? ఆ యువకుడి తమ్ముడి కోసం మొదట ఏడ్చింది ఆ ముసలమ్మలే. అది అతనే రెండు పేజీల ముందు రాశాడు, మరిచిపోయాడు. చర్చి చెరిపేసిందన్న మాటలో నిజముందని పైన అన్నది దీని గురించే. చెరిపింది సగం పాస్టరు చెప్పిన అచ్చు, సగం మనవాడి తొందర.

ఆ పుస్తకం మీద అతను ఇంటిపేరు వేసుకోలేదు. మతం తెలిస్తే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని ఎవరో భయపెట్టారట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో మత నిబంధన ఉన్నది షెడ్యూల్డ్ కులాలకు. తెగల ఉత్తర్వులో ఆ నిబంధన లేదు. ఉపాధ్యాయులు ఈ సంగతి పిల్లలకు చెప్పి ఉంచితే కొన్ని పేర్లయినా దాగకుండా ఉంటాయి.

తెలుగులో ఈ దారిలో ముందు నడిచినవాడు జాషువా. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందినవాడు. అయినా 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడి మొరను కాశీలోని శివుడికి పంపించాడు. ఆ కావ్యంలో బాధపడేవాడు తనను తాను నిందించుకోడు, ఫిర్యాదు చేస్తాడు. ఆయన కూతురు హేమలతా లవణం నాస్తిక కుటుంబంలోకి కోడలిగా వెళ్ళి, స్టూవర్టుపురంలోనే నేరస్థులనిపించుకున్నవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసింది. ఒకే గాయం దగ్గరికి ఒకరు దేవుని పేరుతో పోయారు, ఇంకొకరు దేవుడు లేడని పోయారు. నాకు ఆ తండ్రీకూతుళ్ళ మధ్య కొట్లాట కనిపించదు.

మంచి సాక్ష్యం ఎట్లా ఉంటుందని మీరడగవచ్చు. పెనుకొండలో నా దగ్గర చదివిన పదో తరగతి అమ్మాయి ఒకటి రాసింది. తెలుగు నోటుబుక్కు వెనక పేజీల్లో రెండున్నర పేజీలు. తనను చిన్నప్పుడు బాధపెట్టిన దగ్గరి బంధువు గురించి రాసింది, అది ఆయన తప్పు అని రాసింది, నాది కాదు అని పక్కనే రాసింది. ప్రార్థన చేసుకుంటే ఏడుపు వస్తుందని, ఏడ్చాక తేలిగ్గా ఉంటుందని రాసింది. క్షమించానని రాసి, కొట్టేసి, క్షమించడానికి చూస్తున్నాను అని దిద్దింది. రాత్రిపూట ఇప్పటికీ భయం వేస్తుంది అన్నది చివరి వాక్యం. ఆ కొట్టివేతను దాటిన విమర్శ నేను రాయలేను. ఆ పేజీలు నేను ఎవరికీ చూపించలేదు. ఆమె అనుమతితో, ఆమె తల్లి ఎదుట ఆమెతో మాట్లాడి, అండగా ఉండగల ఒక మేడమ్‌కు అప్పగించాను. ఈ నాలుగు మాటలు కూడా ఆమెనడిగే రాస్తున్నాను. పిల్లల చేత ఇట్లాంటివి రాయించే ఉపాధ్యాయులు రాయించడంతో ఆగకూడదు, రాసిన పిల్ల మర్నాడు ఎట్లా ఉందో చూసుకోవాలి.

మొన్న డిసెంబరులో హిందూపురం అక్క మళ్ళీ మైకు పట్టుకుంది. ముందే నన్నడిగింది, "కాలు సంగతి చెప్పొచ్చునా సార్?" అని. అది మీ ఇష్టం అక్కా అన్నాను. చెప్పింది. నాలుగు దినాలూ చెప్పింది, ఆ నాలుగు దినాలూ తాను స్టేషను బయట చింతచెట్టు కింద ఎట్లా కూర్చున్నదీ చెప్పింది. మా ఆయన దొంగ కాడు అని చెప్పింది. చప్పట్లు లేవు. పాస్టరు గారు స్తోత్రం అనాలో వద్దో తెలియక కాసేపు అట్లే నిలబడ్డారు. ఆమె భర్త గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కూటం అయ్యాక ముగ్గురు ఎరుకల ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి, ఒకరి తర్వాత ఒకరు, తమ ఇళ్ళలో మగవాళ్ళను తీసుకుపోయిన రోజులు చెప్పుకుని ఏడ్చారు. టీ చల్లారిపోతే మా ఆవిడ మళ్ళీ కాచింది.